ఎఫీ రాట్రే ముందుపన్ను

ఎఫీ రాట్రే పెళ్ళికి వాళ్ళ నాన్న డూగల్ ఇస్తానన్న కానుక, ఆమె నోట్లోని పళ్ళన్నీ పీకించడం. పీకించి, ఆ చోట తళతళలాడే కట్టుడు పళ్ళ సెట్టు పెట్టించడం. ఈ మాట విని నోరు వెళ్ళబెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు మా దక్షిణపు కొస గొర్రెల సీమ, సౌత్‌లాండ్ మనుషులు కారన్నమాట. పంతొమ్మిదివందల అరవైల మొదట్లో కూడా మా వైపు ఆడపిల్లకి పెళ్ళి కుదిరిందంటే దుప్పట్లు, పింగాణీ సామాను, వాటితోపాటు పళ్ళ సెట్టు గురించీ ఇంట్లో మాట వచ్చేది. కాపురానికి వెళ్ళాక కాన్పు కాన్పుకీ ఒక పన్ను పుచ్చుతుంది, పుచ్చినప్పుడల్లా మొగుడు డాక్టరు దగ్గరికి తిప్పాలి, ఆ పీడేదో ముందే వదిలించి పంపితే అల్లుడికి మేలు చేసినట్టుంటుందని పెద్దల ఆలోచన. ఆ పెద్దలే గ్లెన్‌బర్న్ సంతలో గొర్రెని కొనేటప్పుడు దాని నోరు తెరిచి పళ్ళు చూడందే బేరం ఆడరు. పళ్ళు ఊడిన గొర్రెని కోతకి తోలేస్తారు. పళ్ళు గట్టిగా ఉన్న కూతుర్ని మాత్రం అవి ఊడబీకి అత్తారింటికి పంపుతారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఎఫీకి మాత్రం ఒళ్ళు మండలేదు. పైకి ఏమీ అనలేదు గానీ లోలోపల సంతోషించింది కూడా. ఎందుకంటే ఆ పిల్లకి పళ్ళ డాక్టరంటే చచ్చేంత భయం. బట్టల కొట్టు వెనక గదిలో కుట్టుపని చేసేది. పెదాల మధ్య గుండుసూదులు వరసగా పెట్టుకుని, దారం పంటితో పుటుక్కున కొరికి, చకచకా జాకెట్లు తయారుచేసేది. ఏటికి వరదొచ్చి వీధిలోకి నీళ్ళు చేరిన రోజున మోకాళ్ళ లోతులో నడుచుకుంటూ పనికి వెళ్ళిందే తప్ప మానలేదు. అలాంటి పిల్ల పళ్ళ డాక్టరు గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేది. పళ్ళన్నీ ఒకేసారి పీకేటప్పుడు మత్తు గాలి పీల్పిస్తారు. నిద్రపోతావు, లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇక బతికినన్నాళ్ళూ ఎవరూ నీ నోట్లో చెయ్యి పెట్టరు. ఎఫీకి కావలసిన కానుక అదే.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. మా బడులన్నిటి ఆవరణలోనూ ఒక మూల చిన్న తెల్లటి ఇల్లుండేది. అందులో సర్కారు నియమించిన పళ్ళ నర్సు ఉండేది. పిల్లలందరూ దాన్ని ఖూనీ ఇల్లు అనేవాళ్ళు. అంతకు ముందు వెళ్ళిన పిల్లవాడు కళ్ళు తుడుచుకుంటూ క్లాసు గుమ్మంలోకి వచ్చి, "ఎఫీ రాట్రేని రమ్మంటున్నారు," అనేవాడు. క్లాసంతా చప్పుడు లేకుండా తిరిగి చూసేది. ఎఫీ లేచి వెళ్ళేది. లోపల నర్సు కాలితో తొక్కితే తిరుగుతూ పన్ను తొలిచే బర్మా ఉండేది. తిరిగే తాడుకి ఆవిడ దూదితో చేసిన తేనెటీగ ఒకటి కట్టి, "అదిగో చూడు, తేనెటీగ ఎలా ఎగురుతోందో," అనేది. తేనెటీగ ఎగురుతుండగా ఇక్కడ పన్ను కాలిన వాసన వచ్చేది. మత్తు సూది ఊసే లేదు. ఒకసారి ఎఫీ బాధ పట్టలేక చెయ్యి అడ్డం పెట్టింది. నర్సు ఆ చెయ్యి పట్టి కుర్చీ చేతి మీద తన మోచేత్తో అదిమి ఉంచి పని పూర్తిచేసింది. పాపం ఆవిడ చెడ్డ మనిషేం కాదు, బయట ఇంకా చాలామంది పిల్లలు వంతు కోసం కూర్చుని ఉన్నారు. కానీ ఎఫీకి గుర్తుండిపోయింది పంటి నొప్పి కాదు, ఆ మోచెయ్యి.

పదహారేళ్ళప్పుడు, నాన్నకి సాయంగా పొట్టేళ్ళని దొడ్లోకి తోలుతుంటే ఒక పొట్టేలు వెనుదిరిగి గేటుని పొడిచింది. గేటు గడియ వచ్చి ఎఫీ మూతి మీద తగిలింది. పెదవి చిట్లింది, పై వరసలో ముందుపన్ను కదిలింది. కొన్నాళ్ళకి పన్ను మళ్ళీ గట్టిపడింది గానీ రంగు మారుతూ వచ్చింది. ముందు పాలిపోయింది, తర్వాత టీ మరక పడినట్టయింది, చివరికి బూడిద రంగులో నిలిచింది. అప్పట్నుంచి ఎఫీ నవ్వాల్సి వస్తే పెదాలు మూసుకునే నవ్వేది. కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు ఆ పిల్లకి పొగరనుకునేవాళ్ళు. అయిదేళ్ళలో ఒక్క డాక్టరుకీ ఆ పన్ను చూపించలేదు. నొప్పి పుడితే లవంగం నూనె రాసుకుని పంటి బిగువున ఓర్చుకునేది.

లాక్లన్ అనే గొర్రెల కాపరితో పెళ్ళి కుదిరింది. గొర్రెలు ఈని, పిల్లల తోకలు కోయడం అయ్యాక ముహూర్తం. అంటే ఇంకా నాలుగు నెలలుంది. ఆ చలికాలంలోనే ఒక పొద్దున ఎఫీ ఓట్స్ జావ ముందు కూర్చుని చెంచా ఎత్తలేకపోయింది. పై పెదవి ముక్కు దాకా వాచిపోయింది.

"ఏదీ, ఇలా తిరుగు," అంది తల్లి ఊనా. "ఓసినీ! కోడిగుడ్డు పెట్టుకున్నావేంటే లోపల?"

"ఏం లేదమ్మా, చలికి వాచింది."

"చలికి ముక్కు కారుద్ది గానీ మూతి వాస్తుందటే పిచ్చిమొహమా? లే, కోటు వేసుకో. ఎటూ పీకించేదేగా, నాలుగు నెలలాగడం ఎందుకు? ఇప్పుడే పీకించేద్దాం."

గ్లెన్‌బర్న్‌లో అప్పటిదాకా హగ్గర్ట్ అనే ముసలాయన ఉండేవాడు. చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళలో సగంమంది పళ్ళు ఆయన చేతి మీదుగా రాలినవే. ఆ మధ్యే పని మానుకున్నాడు. ఆయన గదుల్లోకి డునెడిన్‌లో చదువు ముగించుకున్న పాస్కో అనే కుర్ర డాక్టరు వచ్చాడు. బక్కపలచటి మనిషి, ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెవులు ఎర్రబడేవి. ఎఫీ కుర్చీలో కూర్చుని రెండు చేతులా దాని అంచులు పట్టుకుంది. పాస్కో చిన్న అద్దంతో నోరంతా చూశాడు.

"ఇవన్నీ ఎందుకు పీకమంటున్నారండీ?" అని అడిగాడు.

"పెళ్ళికండీ," అంది ఊనా. ఇంత తెలియనివాడు డాక్టరెలా అయ్యాడో అన్నట్టు చూసింది.

"పెళ్ళికి కేకు కోస్తారు గానీ పళ్ళు పీకడమేంటండీ?"

ఊనా నవ్వలేదు. పాస్కో చెవులు ఎర్రబడ్డాయి. "చూడండమ్మా, ఈ ఒక్కటే పాడైంది. లోపల నరం చచ్చిపోయి వేరు చివర చీము పట్టింది. మిగతావాటితో ఇనప గుగ్గిళ్ళు నమలొచ్చు. నేను బాగున్న పళ్ళు పీకను. పాడైన దాన్ని కూడా పీకక్కర్లేదు. వేరు లోపలంతా శుభ్రం చేసి మూసేస్తే పన్ను ఉంటుంది."

"మా అమ్మకి పీకారు, నాకు పీకారు. మాకేమైంది? బంగారంలా ఉన్నాం. సెట్టు చెయ్యండి బాబూ అంటే మీరు పాఠం చెప్తారేంటి?"

"లోపల ఎలా శుభ్రం చేస్తారు?" అని ఎఫీ అడిగింది. గది లోపలికి వచ్చాక ఆమె నోరు తెరిచి అన్న మొదటి మాట అదే.

చదువుకున్నవాడికి ఆ ఒక్క ప్రశ్న చాలు, ఉత్సాహం ఆగలేదు. సొరుగులోంచి జుట్టు కంటే కాస్త మందంగా ఉన్న ఉక్కు తీగ తీసి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. దాని ఒంటి నిండా సన్నటి ముళ్ళున్నాయి. "ఇదిగో, దీన్ని వేరులోకి పంపి మెలితిప్పి లాగితే చచ్చిన నరం దీనికి చిక్కుకుని బయటికొస్తుంది," అన్నాడు.

ఎఫీకి పై ప్రాణాలు పైనే పోయాయి. మెడకి కట్టిన గుడ్డ అలాగే వేలాడుతుండగా కుర్చీ దిగి, మెట్లు దిగి, వీధిలో పడింది. ఊనా వెనక వచ్చి చూసేసరికి పోస్టాఫీసు గోడకి చేరబడి గజగజ వణుకుతోంది.

"పద," అంది ఊనా. "వీడు కాకపోతే పట్నంలో ఇంకొకడు. నేను ఫోన్ చేస్తాగా."

పట్నంలో డాక్టరు మత్తు గాలి ఇచ్చి అన్నీ పీకుతానని ఒప్పుకుని, ఆ పై నెల మొదటి శుక్రవారం రమ్మన్నాడు. కాకపోతే వాచిన ముఖంతో మత్తు ఇవ్వడం ప్రమాదం, ముందు ఎవరి చేతనైనా చీము తీయించుకుని వాపు తగ్గాక రండి అన్నాడు. గ్లెన్‌బర్న్‌లో ఆ ఎవరో ఒక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రానికి వాపు కంటి కిందకి పాకింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్ను కూడా కొట్టుకుంటోంది. మర్నాడు ఎఫీ కొట్లో చెప్పి ఒక్కతే వెళ్ళింది. తల్లి ముందు మళ్ళీ పారిపోవడం కంటే ఒంటరిగా పారిపోవడం నయమనుకుంది.

వెళ్ళింది గానీ కుర్చీలో కూర్చోలేదు. తలుపు పిడి పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

పాస్కో కూడా కూర్చోమనలేదు. "నిన్న ఆ తీగ చూపించడం నాదే బుద్ధితక్కువ పని," అన్నాడు. "ఇవాళ దాంతో పని లేదు. పంటి వెనక చిన్న కన్నం పెడితే లోపలి ఒత్తిడి పోతుంది. పన్ను చచ్చిపోయింది కాబట్టి దానికి తెలీదు. అయినా సూదిమందు ఇస్తాను."

"నాకు భయం," అంది ఎఫీ.

"తెలుస్తోందండీ. ఒక పని చేద్దాం. మీరు ఎడం చెయ్యి పైకెత్తండి, నేను ఆపేస్తాను. ఎందుకెత్తారని అడగను."

"నిజంగా ఆపేస్తారా?"

"ఎత్తి చూడండి."

ఎఫీ కూర్చుంది. సూది లోపలికి వెళ్ళిందో లేదో చెయ్యెత్తింది. పాస్కో సూది తీసేశాడు. కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టాడు. బర్మా చప్పుడు మొదలవగానే ఎఫీ మళ్ళీ చెయ్యెత్తింది. నొప్పేం లేదు, ఊరికే ఎత్తింది. బర్మా ఆగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. ఈ మనిషికి ఎప్పుడో విసుగొస్తుంది, ఎప్పుడో తన చెయ్యి పట్టి అదిమేస్తాడని ఎదురుచూసింది. గదిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది, బయట గదిలో ఎవరో దగ్గుతున్నారు. పాస్కో మాత్రం పరికరం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుర్చీలో ఎఫీకి ఏడుపొచ్చింది. ఆయన అది నొప్పనుకుని కంగారుపడ్డాడు. నొప్పి కాదు. ఆమె నోట్లో పని చేస్తూ ఆమె అడిగితే ఆగిన మనిషి పుట్టి బుద్ధెరిగాక ఇతనొక్కడే.

కన్నం పడగానే చీము బయటికొచ్చింది. దుర్వాసనకి ఎఫీ సిగ్గుతో చచ్చిపోయింది గానీ రెండు రోజులుగా తలని పట్టి బిగించిన పట్టేదో ఒక్కసారిగా వదిలింది. పాస్కో లోపల మందు దూది పెట్టి పైన మూశాడు. "పట్నం వెళ్ళి అన్నీ పీకించుకుంటారో, ఈ ఒక్కటి బాగుచేయించుకుంటారో మీ ఇష్టం," అన్నాడు. "బాగుచేయాలంటే ఇంకో రెండు మూడుసార్లు రావాలి. ఖాయంగా నిలుస్తుందని మాట మాత్రం ఇవ్వలేను. చీము మళ్ళీ తిరగబెడితే పీకాల్సిందే."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను నేను, ఈ కథ విన్నప్పుడు. భయపడే మనిషికి నిజం అంత ముక్కుసూటిగా చెప్తారా? కానీ ఎఫీకి దాంతోనే అతని మీద నమ్మకం కుదిరిందట.

నమ్మకం కుదిరినంత మాత్రాన భయం పోలేదు. ఆ తర్వాతిసారి వెళ్ళేటప్పుడు దారిలో కంచె పక్కన వాంతి చేసుకుంది. ఆరోజు పాస్కో పన్ను చుట్టూ పలచటి రబ్బరు గుడ్డ బిగించి, ఆ ముళ్ళ తీగ, దాని తర్వాత సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్ళు ఒకదాని వెనక ఒకటి లోపలికి పంపాడు. పన్ను లోపల ఏదో బరబరా గీరుతున్న చప్పుడు ఎముక గుండా చెవిలో వినిపించింది. నొప్పి లేదు, అయినా ఎన్నోసార్లు చెయ్యెత్తింది. ఎత్తిన ప్రతిసారీ ఆయన ఆగాడు. పని ముగిసేసరికి ఆమె గౌను వెనకంతా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఇంకోసారి వస్తే లోపల నింపి మూసేస్తానన్నాడు. ఈలోగా పట్నం వెళ్ళాల్సిన శుక్రవారం దగ్గరపడింది.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పలేదు. వాపు తగ్గించుకోవడానికి వెళ్తోందనే అనుకుంటున్నారు. డూగల్ అయితే కనిపించిన వాళ్ళందరికీ, "మా అమ్మాయికి మంచి సెట్టు చేయిస్తున్నా, ముత్యాల్లాంటివి," అని చెప్పుకుంటున్నాడు. ఎఫీకి ఎటూ పాలుపోలేదు. ఒక పక్క ఒక్క నిద్రతో తీరిపోయే పని, జన్మకి ముగిసిపోయే భయం. ఇంకో పక్క మెలకువలో ఆ తీగలు, ఆ చప్పుడు, నిలుస్తుందో లేదో తెలియని ఒక బూడిదరంగు పన్ను. అది నిలిచినా మిగతావి ఎప్పుడో ఒకప్పుడు పుచ్చక మానవు, మళ్ళీ ఆ కుర్చీ తప్పదు. మత్తు గాలి వైపే మనసు లాగుతోంది. అలా లాగుతున్నందుకు కూడా భయంగానే ఉంది.

సంత రోజున లాక్లన్‌ని పక్కకి పిలిచి అడిగింది.

"నాకేంటి ఎఫీ?" అన్నాడు వాడు. "రగ్బీలో మూతి పగిలినప్పుడు నాకూ పైవన్నీ పీకేశారుగా. బానే ఉన్నాయి. యాపిల్ మాత్రం కత్తితో కోసుకు తినాలి, అంతే."

"నన్నేం చెయ్యమంటావు చెప్పు."

"నీ నోరు, నీ ఇష్టం. పళ్ళున్నా లేకపోయినా తిట్లు మాత్రం గట్టిగానే తిడతావు కదా," అని తన పై వరస ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. సంతలో పిల్లలంతా పగలబడి నవ్వారు. వాడు మంచివాడే, కానీ ఆ మంచితనం ఆరోజు ఎఫీకి గడ్డిపరకంత ఆసరా కూడా కాలేదు.

శుక్రవారం పొద్దున తల్లీకూతుళ్ళు బస్సెక్కి పట్నం వెళ్ళారు. ఊనా చేతిసంచిలో శుభ్రమైన తువ్వాలు, ముఖానికి కట్టుకోవడానికి ఉన్ని మఫ్లరు ఉన్నాయి. డాక్టరు గారి బయటి గదిలో వీళ్ళకంటే ముందు ఒక రైతు కూర్చుని ఉన్నాడు. కాసేపటికి లోపలి తలుపు తెరుచుకుని, నర్సు చెయ్యి పట్టుకుని అతని కూతురు వచ్చింది. ఎఫీ వయసే ఉంటుంది. మూతికి మఫ్లరు చుట్టి ఉంది, కళ్ళు ఎటో చూస్తున్నాయి, అడుగు ఎక్కడ వేస్తోందో తెలియడం లేదు. మఫ్లరు కింద ముఖం కింది సగం లోపలికి పోయి ముసలిదాని ముఖంలా ఉంది.

"అయిపోయిందమ్మా, అయిపోయింది. ఇక జన్మలో పళ్ళ బాధ లేదు నీకు," అంటూ తండ్రి భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయాడు. ఆ మాటలో ప్రేమకి ఏం తక్కువ లేదు. ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఆగి, నాలుకతో నోట్లో ఏదో వెతుక్కుంటున్నట్టు మఫ్లరు కదిలింది.

గదిలో ఎఫీ, ఊనా మాత్రమే మిగిలారు.

"అమ్మా, నీకు పీకినప్పుడు నీ పళ్ళు పాడైపోయాయా?"

ఊనా చేతిసంచి పిడి సవరించుకుంది. "ఇప్పుడెందుకే ఆ ఊసు?"

"చెప్పమ్మా."

"లేదు," అంది ఊనా. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్కటి కూడా పాడవలేదు. ఊరంతా చెప్పుకునేది నా పలువరస గురించి. మీ తాతయ్య అంత ప్రేమగా చేయించాడు, వద్దని ఎలా అంటాను?"

"నొప్పెట్టిందా?"

"నొప్పి ఎన్నాళ్ళుంటుందే? తగ్గిపోయింది." ఊనా కిటికీ వైపు తిరిగింది. "మీ నాన్న ఇప్పటివరకు నన్ను పళ్ళు లేకుండా చూడలేదు. తెలుసా నీకు? ముప్ఫై ఏళ్ళుగా సెట్టు పెట్టుకునే పడుకుంటున్నా. చిగుళ్ళు పుండ్లు పడ్డా తియ్యలేదు. నీ కాన్పప్పుడు నర్సు తీసెయ్యమంటే, మా ఆయన్ని లోపలికి రానివ్వనని ఒట్టేస్తేనే తీస్తానన్నా. రోజూ భయమే. తుమ్ముతుంటే భయం, నవ్వుతుంటే భయం, ఎక్కడ జారిపడతాయోనని. ఇంటికెవరైనా వచ్చి మాంసం వడ్డిస్తే నమలలేక రుమాల్లో దాచుకున్న రోజులున్నాయి."

ఎఫీ తల్లి ముఖంలోకి చూసింది. ఈమె ఇంత మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. "మరి నన్నెందుకు తీసుకొచ్చావమ్మా?"

"అందరికీ అంతే అనుకున్నానే. ఆడపుట్టుక పుట్టాక ఇదొకటి అనుకున్నా."

లోపలి తలుపు తెరుచుకుంది. నర్సు ముఖాన చిరునవ్వుతో, "మిస్ రాట్రే, రండమ్మా," అంది.

ఎఫీ లేవబోయింది. పిలిస్తే లేవడం చిన్నప్పట్నుంచీ ఆ కాళ్ళకి అలవాటు. ఊనా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ అమ్మాయి రాలేదండీ," అంది ఊనా.

నర్సు ఖాళీ గదినీ, అందులో ఉన్న ఇద్దరినీ చూసింది. "మరి ఈ అమ్మాయి?"

"ఈ అమ్మాయి మా అమ్మాయి. రాట్రే వాళ్ళమ్మాయి రాలేదు. భయమేసి మానేసిందట." అబద్ధమాడటం చేతకాని మనిషి, ముఖం కందగడ్డలా చేసుకుని, కూతుర్ని లాక్కుని వీధిలోకి వచ్చేసింది.

బస్సు వచ్చేదాకా ఇద్దరూ టీ కొట్లో కూర్చుని జున్ను పెట్టి చుట్టి కాల్చిన రొట్టెలు తిన్నారు. ఊనా తన వంతు చిన్న ముక్కలుగా తుంచుకుని పక్క దవడతో నెమ్మదిగా నమిలింది. "మీ నాన్నకి నేను చెప్తాలే," అంది. చెప్పింది కూడా. డూగల్ ఇచ్చిన కానుక కాదన్నారని కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. సంతలో అడిగినవాళ్ళకి, "పట్నం డాక్టరుకి తీరిక లేదట," అని చెప్పుకున్నాడు.

ఎఫీకి ధైర్యం వచ్చేసిందని చెప్తే మీరు సంతోషిస్తారు గానీ, రాలేదు. ఆ తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, కొట్టు తనదే అయింది. ఇన్నేళ్ళలోనూ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన పొద్దున ఆమెకి తిండి సయించలేదు. అయినా వెళ్ళేది. వణుకుతూనే వెళ్ళేది. ధైర్యవంతుల గురించి చాలామంది రాశారు. పాపం ఈ వణికేవాళ్ళ గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నాను.

పట్నం నుంచి తిరిగొచ్చాక, పాస్కో ఆ పన్ను పని ముగించిన రోజున ఊనా కూడా వెంట వెళ్ళింది. బయట కూర్చోమంటే కూర్చోలేదు. గది మూల కుర్చీ వేయించుకుని, ఎఫీ కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. పాస్కో రబ్బరు గుడ్డ బిగించి, వేరులోపల ఆరబెట్టి, ఏదో లేత గులాబీరంగు మైనంలాంటి సన్నటి పుల్లను మందులో ముంచి లోపలికి దించాడు. ఎఫీ బూట్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే ఊనా లేచొచ్చి వాటిని రెండు చేతులా పట్టుకుంది. చివరికి పాస్కో పన్ను వెనక కన్నం మూసేసి, ఎక్స్‌రే తీసి, చీకటి అలమారలో కడిగి తెచ్చాడు. తడి ఆరని చిన్న ఫిల్ముని వెలుతురుకి పట్టుకుని చూసి, "చివరి దాకా నిండిందండీ. ఇక ఇది మీ పన్నే. రంగు మాత్రం ఇంతే," అన్నాడు.

ఎఫీ తలాడించింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. పెదాలు మూసుకోవడం మర్చిపోయింది.

"ఏదీ, నన్ను చూడనివ్వండి," అంటూ ఊనా ఫిల్ము అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. "ఇదేంటి బాబూ, ఇంత పొడుగుంది?"

"అది పంటి వేరండీ. మనకి బయటికి కనిపించేది కొంచెమే. అంతకంటే ఎక్కువ లోపల ఎముకలో పాతుకుని ఉంటుంది."

"అందరికీ ఇలాగే ఉంటుందా?"

"అందరికీనండీ."

"అన్ని పళ్ళకీ?"

"అన్నిటికీ ఉంటుందండీ. దవడ పళ్ళకైతే రెండేసి, మూడేసి వేళ్ళు కూడా ఉంటాయి."

ఊనా ఫిల్ముని ఇంకాస్త వెలుతురులోకి ఎత్తింది. పాస్కో చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఎఫీ కుర్చీలోంచి లేచి తల్లి దగ్గరికి వెళ్ళింది.

"మరి నావీ ఇలాగే ఉండి ఉంటాయా?" అని అడిగింది ఊనా.

"ఉండే ఉంటాయండీ," అన్నాడు పాస్కో.

"నాకెవరూ చెప్పలేదు బాబూ," అంది.